గ్లాసుకి నూట ఇరవై క్యాలరీలు

వైన్ కనిపెట్టినవాడికి విగ్రహం పెట్టకపోయినా ఫరవాలేదు. ఆ వైన్‌లో ఎన్ని క్యాలరీలున్నాయో కనిపెట్టిన మహానుభావుడికి మాత్రం కూడలికొక విగ్రహం పెట్టి తీరాలి!

నవ్వకండి. ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. ఒకప్పుడు తాగేవాడి బతుకు ఎంత హీనంగా ఉండేది! సీసాని బీరువాలో చొక్కాల వెనక దాచుకోవాలి. గడప దాటేముందు లవంగం నమలాలి. ఇంట్లో ఆవిడ "ఎంత తాగారు?" అంటే "కొంచెమే" అని నీళ్లు నమలాలి. ఆ "కొంచెమే"ని నమ్మిన ఇల్లాలు ఈ భూమ్మీద ఒక్కర్తయినా ఉందా?

ఇప్పుడు చూడండి ఎంత దర్జా! "ఎంత తాగారు?" అంటే "రెండొందల నలభై" అంటాడు. అంతే, ఇంకేం మాట్లాడతారు? మనిషితో పోట్లాడొచ్చు గానీ అంకెతో ఎవరు పోట్లాడతారు? నిన్నటిదాకా తప్పు అనిపించుకున్నది ఇవాళ లెక్క అయి కూర్చుంది. తాగుబోతు అని ఆడిపోసుకున్న మనిషే ఇప్పుడు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషి!

నమ్మకం కుదరకపోతే మా బావగారి కథ వినండి.

బావగారంటే మా అక్క మొగుడు. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి "ఇలా బాగుందా?" అంటాడు. అది తీసి ఇంకో అద్దం వేసి "ఇలాగా?" అంటాడు. పొద్దస్తమానం ఇదే పని. ఎదుటివాడు తటపటాయిస్తే ఊరుకోడు. "ఆలోచించకూడదండీ! మొదట ఏది తోస్తే అది చెప్పేయాలి!" అని కసురుతాడు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అన్నారంటే ఇక పరీక్ష అయిపోయినట్టే. ఫ్రేము తీసేసి నంబరు రాసేస్తాడు.

అదే వీధి చివర మా అక్కకి బేకరీ. వాళ్ల కాపురమంతా ఆ రెండు దుకాణాల మధ్యే సాగింది. అక్క కొత్తగా ఏం చేసినా మొదటి ముక్క బావదే. ఆయన కళ్లు మూసుకుని నమిలి "కొంచెం గట్టిపడింది" అనో, "వెన్న వాసన చాల్లేదు" అనో తీర్పు చెప్పాకే అది గాజు అల్మరాలోకి ఎక్కేది. అక్క ఎవరి మాటా లెక్కచేసే మనిషి కాదు గానీ, ఆయన నాలుక మీద మాత్రం ఆమెకి గుడ్డి నమ్మకం.

ఈమధ్య బావకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. అక్క చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు రిపోర్టులు తిరగేసి, "లివరు అలిసిపోయిందండీ. తాగుడు మానేయండి, బరువు తగ్గండి" అన్నాడు.

చెప్పింది రెండు ముక్కలే. అక్క రెండూ విని, ఇంటికొచ్చేదాకా గుండె అరచేతిలో పెట్టుకుంది. బావ కూడా శ్రద్ధగానే విన్నాడు, కాకపోతే రెండో ముక్క దగ్గర్నించి విన్నాడు.

బరువు తగ్గాలంటే ఏం చేయాలి? ఫోన్‌లో ఒక యాప్ వేసుకోవాలి! వేసుకున్నాడు. "వైన్, ఒక గ్లాసు" అని కొట్టాడు. నూట ఇరవై అంది. "కేకు, ఒక ముక్క" అని కొట్టాడు. నాలుగొందల పది అంది. చంకలు గుద్దుకుని వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"చూశావా బామ్మర్దీ! శత్రువుని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ పాపం ఈ సీసాని అనుమానించాం!"

ఆరోజు నుంచి కేకు బంద్. బ్రెడ్డు బంద్. వేపుళ్లు బంద్. రాత్రి భోజనంలో సగం బంద్. అలా మిగిల్చిన చోట్లో రోజుకి రెండు గ్లాసుల వైన్! ఎంత క్రమశిక్షణ! ఎంత త్యాగం!

ఊరికే తాగడం కాదండోయ్, చదివి మరీ తాగడం. తియ్యటి వైన్ జోలికి పోడు. "ఆల్కహాల్‌కి గ్రాముకి ఏడు క్యాలరీలు, చక్కెరకి గ్రాముకి నాలుగు" అని నాకు పాఠం చెప్పాడు.

"అలాగైతే ఆల్కహాలే ఎక్కువ కదా బావా?" అన్నాను, నాకూ కొంచెం లెక్కలొచ్చు కాబట్టి.

"అందుకేగా చక్కెర మానేశాను!" అన్నాడు.

జ్ఞానం ఒకచోట ఆగుతుందా? సాయంత్రం షట్టర్ సగం దించాక బావ దుకాణం వెనక గదిలో ఒక మేధావుల సంఘం తయారైంది. ఆయన సగం భోజనం కూడా అక్కడే. చెప్పుల షాపాయన గ్లాసుని గుండ్రంగా తిప్పడాన్ని వ్యాయామం పద్దులో వేస్తాడు. కుడిచేత్తో కాసేపు, ఎడమచేత్తో కాసేపు. రెండు భుజాలూ సమానంగా పెరగొద్దూ! లిఫ్టులు రిపేరు చేసే ఆయన లిఫ్టు ఎక్కడం మానేశాడు. ఐదంతస్తులు మెట్లెక్కి దిగొచ్చి ఒక గ్లాసు పుచ్చుకుంటాడు, మళ్లీ ఎక్కి దిగొచ్చి ఇంకోటి. రెండోసారి దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు. పళ్ల డాక్టరుగారు వైన్‌ని ఫ్రిజ్‌లో బాగా చల్లబెట్టిగానీ ముట్టరు. చల్లటిదాన్ని వెచ్చబెట్టడానికి ఒంట్లో క్యాలరీలు ఖర్చవుతాయట! చొక్కా మీద ఒలికినదాన్ని కూడా ఆయన లెక్కలోంచి తీసేస్తారు. ఈమధ్య ఆయనకి చేతులు వణుకుతున్నాయి, దాంతో బాగా ఆదా అవుతోంది.

ఇంత పాండిత్యం ఏ కాలేజీలో దొరుకుతుంది చెప్పండి?

ఒక్కటే చిక్కొచ్చి పడింది. మూడు నెలలు గడిచాయి. బావ పొట్ట తగ్గలేదు సరికదా, బెల్టు ఇంకో బెజ్జం ముందుకి జరిగింది. ఆయాసం మెట్ల దగ్గర్నించి చదునైన రోడ్డు మీదకి దిగింది. అక్క మొహం చిక్కిపోయింది. కొత్తగా నిమ్మకేకు ఒకటి చేసింది, బావ ముట్టుకోలేదు. ఆయన నాలుక దాటకుండా అల్మరాలోకి వెళ్లిన మొదటి కేకు అదే. కొన్నవాళ్లంతా బాగుందన్నా అక్క ఒక్కరి మాటా నమ్మలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి. బావ ముందు మాత్రం ఒక కప్పు సూపు, పక్కన ఆయన సీసా, ఇంకా ఖాళీగా ఉన్న గ్లాసు.

ఆ గ్లాసు గురించి చెప్పాలి. కళ్లజోళ్ల అద్దాలు సప్లై చేసేవాళ్లెవరో ఆయనకి బహుమతిగా ఇచ్చిన జతలో ఒకటి. రెండోది నాకిచ్చాడు, మంచి మనిషి. అందులో ఒక బంగారు చేప పెళ్లాంపిల్లలతో కాపురం పెట్టొచ్చు, అంత విశాలం.

అక్క నిమ్మకేకు కోసి ఒక ముక్క ఆయన వైపు జరిపింది. "నాలుగొందల పది" అని బావ వెనక్కి జరిపాడు.

అక్క కుర్చీ వెనక్కి జరిపింది. లేచి వెళ్లి, బేకరీలో పాలు కొలిచే గీతల జగ్గు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీ యాప్‌లో గ్లాసంటే ఎంతండీ?"

"నూట యాభై మిల్లీలీటర్లు" అన్నాడు బావ, క్లాసులో ఫస్టొచ్చే పిల్లాడిలా.

"అయితే మీరు రోజూ పోసుకునేంత మంచినీళ్లు పోయండి."

బావ మనసులో కల్మషం లేదు. నిజాయితీగా, తనకలవాటైన చోటిదాకా పోశాడు. అక్క ఆ నీళ్లు జగ్గులోకి వంచింది. మూడొందల డెబ్భై అయిదు.

నేను నా ప్లేటులోకి చూసుకుంటూ కూర్చున్నాను.

"రెండు గ్లాసులకే సీసా అయిపోతుంటే, ఈ సీసాల వాళ్లు మోసం చేస్తున్నారనుకున్నానే!" అన్నాడు బావ నెమ్మదిగా. ఫోన్ తీసి టకటకా నొక్కాడు. రెండొందల నలభై అనుకున్నది ఆరొందలని తేలింది. అక్క ఆయన మొహంలోకే చూస్తోంది. ఇప్పటికైనా కళ్లు తెరుచుకుంటాయని ఆమె ఆశ.

బావ మొహం చేటంత అయింది!

"అందుకా బరువు తగ్గంది! నా ఒంట్లోనే ఏదో లోపముందని ఎంత బెంగపెట్టుకున్నానో! చాలా సింపుల్. ఆ మూడొందల అరవై ఎక్కడో తగ్గించేస్తే సరి. రేపట్నించి రాత్రి భోజనం పూర్తిగా మానేస్తాను."

అదండీ విజ్ఞానమంటే!

అక్క జగ్గు పక్కకి జరిపింది. తర్వాత ఖాళీ గ్లాసులో ఆయన వైన్ పోసి, సరిగ్గా ఆయన కళ్ల ముందుకి ఎత్తి పట్టుకుంది.

"ఇలా బాగుందా?"

గ్లాసు పక్కకి తీసి, రెండో చేత్తో కేకు ప్లేటు ఎత్తింది.

"ఇలాగా?"

నాకు నవ్వు పొంగుకొచ్చింది గానీ అక్క కళ్లు చూసి మింగేశాను. బావ గ్లాసు చూశాడు, ప్లేటు చూశాడు, మళ్లీ గ్లాసు చూశాడు.

"ఆలోచించకూడదండీ" అంది అక్క. "మొదట ఏది తోస్తే అది చెప్పేయాలి."

పాపం, రోజూ ప్రశ్న అడగడమేగానీ జవాబు చెప్పిన అలవాటు లేదు ఆయనకి. కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పి చెప్పి చెవిలో ఇంకిపోయిన మాట నోట్లోంచి జారిపోయింది.

"రెండూ ఒకేలా ఉన్నాయి."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఏం లాభం?

అక్క ప్లేటు కింద పెట్టేసింది. "పరీక్ష అయిపోయిందండీ" అంది. "డాక్టరు మానమన్నది దాన్ని. మీరు మానేసింది నన్ను. మూడు నెలలుగా ఈ బల్ల దగ్గర ఒక్కదాన్నే తింటున్నాను, మీకు తెలుసా? నాకు భయంగా ఉంది. మీకేమన్నా అయితే ఈ మొదటి ముక్క ఎవరికి పెట్టుకోను?"

కేకు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

మర్నాడు జరిగింది అక్కే ఫోన్‌లో చెప్పింది. మధ్యాహ్నం కిక్కిరిసిన వేళ బావ దుకాణం మూసి బేకరీకొచ్చాడట. లోపలికి రాకుండా అందరితోపాటు క్యూలో నిలబడ్డాడట. ఆయన వంతు వచ్చాక అక్క అందర్నీ అడిగినట్టే అడిగింది.

"ఏం కావాలండీ?"

"నిమ్మకేకు. ఒక్క ముక్క."

"నాలుగొందల పది."

"తెలుసులేవే" అన్నాడు.

కౌంటరు దగ్గరే నిలబడి కళ్లు మూసుకుని నమిలాడు. వెనక క్యూ అంతా గుసగుసలు. చివరికి కళ్లు తెరిచి, "నిమ్మతొక్క ఎక్కువైంది. వెనకాల చేదు తగుల్తోంది" అన్నాడు.

అక్క ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంది. "బాగుంది బాగుంది అన్నారు ఇన్నాళ్లూ అందరూ, దొంగసచ్చినోళ్లు!" అందట, క్యూలో ఉన్నవాళ్లందరి ముందూ.

బావ సంచీలోంచి ఆ గ్లాసు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఇప్పుడు అందులో కేకుల మీద వెన్న పూసే బ్రష్షులు నిలబెట్టి ఉన్నాయి. సాయంత్రాలు ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచడం లేదట, బేకరీలో పిండి కలుపుతున్నాడు. ఉండలు కడుతోందని అక్క తిడుతోంది. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఏమంటాడో చూడాలి. అక్క మాత్రం రాత్రి భోజనానికి రెండు ప్లేట్లు పెడుతోంది.

అలా ఒక గొప్ప క్యాలరీ శాస్త్రవేత్తని మనం కోల్పోయాం. సంఘం బాధ్యతలు చెప్పుల షాపాయన తీసుకున్నాడు.

అయినా నా మాట మీద నేనున్నాను. క్యాలరీల లెక్క వర్ధిల్లాలి! సీసా మీద ఆ అంకె పెద్దక్షరాలతో అచ్చు వేయించాలి! అలాగే, పనిలో పనిగా, పక్కనే ఇంకో చిన్న అంకె కూడా వేయించమని అధికారులకి నా మనవి. గ్లాసు పట్టుకున్న మనిషిని భోజనానికి ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు పిలిచారో ఆ అంకె. దానికి ఇంకా ఏ యాప్‌లోనూ గడి పెట్టలేదు, అది అన్యాయం.

ఈ విషయం మీద ఇంకా చాలా రాయాలని ఉంది. కానీ లోపల్నించి మా ఆవిడ అన్నానికి పిలుస్తోంది. ఇది మూడోసారి.

"ఆఁ, వచ్చేస్తున్నానే! గ్లాసులో నలభై క్యాలరీలే మిగిలాయి!"