నర్సుకి బై

ఆ ఆదివారం పొద్దున పరదాల బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కొట్టు మీది గదిలో రెండు టీవీలు పెట్టాలి, మధ్యాహ్నానికల్లా వీడియో కుస్తీ పోటీ ముగించాలి. కిటికీ పరదాలు కుట్టి అమ్ముతాడు కనక పరదాలు. బావమరిది పిలిచిన పిలుపు ఆటగాళ్ళందరికీ అంటుకుంది కనక బావ. కొట్టు నిండా వేలాడే నీలం, పసుపు పరదాల్లోంచి ఎండ రంగు మార్చుకుని లోపలికొస్తుంటే, ఆయన కప్పు పట్టుకుని నిలబడే కలలు కనేవాడు. తన గదిలో ఆడినవాళ్ళెవరో ప్రాంతీయ పోటీల్లో గెలిచినట్టు, చప్పట్లు వానలా కురుస్తున్నట్టు. ఈలోగా కాఫీ చల్లారేది.

ఆవేళ కలకు తీరిక లేదు. ఆటల సంఘం నుంచి పరిశీలకుడు వస్తున్నాడు. కనీసం ఏడుగురు ఆడితేనే ఆ గదికి గుర్తింపు ఉంటుంది. లేకపోతే ఇక్కడి ఆటగాళ్ళకు ప్రాంతీయ పోటీలకు వెళ్ళే దారే మూసుకుపోతుంది. పేర్లిచ్చింది సరిగ్గా ఏడుగురు.

"ఏడంటే బేసి కదండీ. ఒకళ్ళకి జోడీ ఉండదుగా?" అంది భార్య.

"చీటీ తీస్తాం. ఎవరి పేరొస్తే వాళ్ళు ఆడకుండానే రెండో రౌండుకి పోతారు. దాన్నే బై అంటాం."

చీటీలో నర్సు పేరు వచ్చింది. ఏటా కప్పు ఎగరేసుకుపోయేది ఆవిడే. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చి, కింద కొట్టులో అత్తగారి పక్కన కూర్చుని కాఫీ తాగుతోంది. బావ పై గదిలో బల్లకింద దూరి వైర్లతో కుస్తీ పడుతూ అక్కణ్ణుంచే కేకేశాడు.

"అత్తయ్యా! నర్సుకి బై అని చెప్పండి!"

అత్తగారు కుట్టుమిషను ఆపింది. ఆవిడకు మర్యాద ప్రాణం. రాత్రంతా పనిచేసి వచ్చిన పిల్లను పట్టుకుని మొహంమీదే బై అనడమేం పద్ధతి? అందుకని ఆ మాటను చక్కగా తెలుగులోకి మార్చింది.

"ఇక నువ్వు వెళ్ళిరామ్మా. అల్లుడు చెప్పమన్నాడు."

"నన్నా? ఎందుకూ?"

"ఏమోనమ్మా. హాయిగా పడుకో, కళ్ళు పీక్కుపోయాయి."

నర్సు కప్పు ఠక్కున పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ విసురులో ఫోన్ కూడా మరిచిపోయింది. ఆట మధ్యలో బయటివాళ్ళు సలహాలు చెప్పకుండా అందరి ఫోన్లూ గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించడం బావ నియమం.

అప్పుడే వస్తున్న బస్సు డ్రైవరు ఏడుస్తూ వెళ్తున్న నర్సునీ, బుట్టలో ఉన్న ఆవిడ ఫోన్‌నీ చూశాడు. పైకెళ్ళి, "నర్సుని పంపించేశారు. ఫోన్ కూడా లాక్కున్నారు!" అన్నాడు. ఇంకేముంది, గోరంత కొండంతయింది.

"దొంగాటేమన్నా పట్టుబడిందా?" అన్నారొకరు.

"కంట్రోలర్లో ఏదో దూర్చే ఉంటుంది," అని ఫోన్లు బాగుచేసే కుర్రమేస్త్రి స్క్రూడ్రైవరు తీశాడు. ఆవిడ ఎప్పుడూ ఆడే కంట్రోలరు విప్పితే ఏమీ దొరకలేదు. "మరి నీది చూపించు!" అన్నారు మిగతావాళ్ళు. బావ బల్లకింద నుంచి బయటికొచ్చేసరికి కంట్రోలర్లన్నీ పేగులు బయటపెట్టుకుని పడున్నాయి.

"నర్సుని నేనెప్పుడు పంపించానయ్యా!" అని ఆయన నెత్తి కొట్టుకుంటుండగా మెట్లమీంచి భార్య పిలిచింది. "ఏవండీ, ఆయన వచ్చేశారు!"

అత్తగారు పరిశీలకుణ్ణి మెట్లపక్కనే, ఫ్యాను కింద, నీలం పరదా చాటున కూర్చోబెట్టింది. "రెండు నిమిషాలు నాయనా," అంది. పరదా నెమ్మదిగా ఊగుతోంది. నీలం నీడ ఆయన మొహంమీదికి వస్తోంది, పోతోంది. కాసేపటికే ఆయన కళ్ళు మూతలు పడ్డాయి.

"ఆరుగురే ఉన్నారు. మా తమ్ముడి పేరు రాసేయండి. ఆయనకేం తెలుస్తుంది?" మెట్లమీదే గుసగుసలాడింది భార్య.

బావకు రాసేయాలనే అనిపించింది. ఆ గదంటే ఆయనకు ప్రాణం. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"ఉత్తుత్తి పేరుతో గది నిలబెడితే, రేపు గెలిచినవాణ్ణి నిజంగా గెలిచాడని ఎవరు నమ్ముతారే? పోతే పోనీ."

"నర్సు కోసమా ఈ గోలంతా? నువ్వు బై చెప్పమంటేనే కదయ్యా చెప్పాను!" అంది అత్తగారు.

బావ మెట్టుమీద చతికిలపడ్డాడు.

"అమ్మా!" అంది భార్య.

నర్సుని పిలుచుకురావడానికి అందరికంటే ముందు చెప్పులేసుకున్నది డ్రైవరు. ప్రతి ఫైనల్లోనూ నర్సు చేతిలో ఓడిపోయే మనిషి.

"నీకేం నొప్పి? ఆవిడ లేకపోతే కప్పు నీదేగా," అన్నాడు మేస్త్రి.

"ఆవిణ్ణి ఓడించకుండా వచ్చే కప్పులో మా ఆవిడ ఉప్పు పోసుకుంటుంది. తప్పుకో!"

నర్సు బుగ్గమీద దిండు మడతలతో వచ్చింది. అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదేనమ్మా. తెలుగులో చెప్పాను."

సంగతంతా విని నర్సు పడీపడీ నవ్వింది. "బై వచ్చిందా? అయితే నా వంతొచ్చేదాకా లేపకండి," అని పరదాల కుప్పమీద వాలిపోయింది. మేస్త్రి కంట్రోలర్లన్నీ మళ్ళీ బిగించాడు. ఒక స్క్రూ మిగిలిపోయింది. అది దేనిదో ఎవరూ అడగలేదు. ఆట సాగింది. ఫైనల్లో డ్రైవరు మామూలుగానే ఓడిపోయి, మామూలుగానే వచ్చేసారి చూడమన్నాడు.

చప్పట్ల మోతకు పరిశీలకుడు పరదా తప్పించుకుని పైకొచ్చాడు. బావ చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పేశాడు.

"అంతా విన్నాను. కళ్ళు మూసుకున్నానుగానీ చెవులు మూసుకోలేదు," అన్నాడాయన. "నేను చూసిన గదుల్లో బోర్డుమీద పేర్లు నిండుగా ఉంటున్నాయండీ, కుర్చీలే ఖాళీ. మీ గది ఉంటుంది. అన్నట్టు, ఆ నీలం పరదా నాకు కావాలి. మీ గుసగుసలయ్యాక ఎన్నాళ్ళకో కునుకు పట్టింది."

"గుర్తింపు కాగితం చేతికొచ్చేదాకా మీకు అమ్మను సార్. చూసేవాళ్ళు లంచమనుకుంటారు."

ఆయన నవ్వుతూ మెట్లు దిగి, గుమ్మం దగ్గర చెయ్యి ఊపాడు. "సరేనండీ, బై!"

అత్తగారు కుట్టుమిషను ఆపింది. "అల్లుడూ, ఈయన కూడా ఆడకుండానే గెలిచాడా?"