ఎమ్మెల్యే గారి కొలనులో చేపలు ఎండ కాగిన రోజు

ఎనభై అయిదు డిసెంబరులో, ఆ రోజు హనుమకొండ సుబేదారిలో ఉన్న ఎమ్మెల్యే గారి ఇంట్లో ఉన్నవాళ్లు: ఎమ్మెల్యే వెంకటరాజం గారు, ఆయన భార్య విమలమ్మ గారు, ఆమె తమ్ముడు మల్లికార్జున్ గారు, ఊరి నుంచి చేపలు తెచ్చిన మా నాన్న రాయమల్లు, ఆ ఇంట్లో పని చేస్తూ హనుమకొండలో ఇంటర్ చదువుతున్న నేను. మత్స్యశాఖ మంత్రిగారు కాజీపేటలో రైలు దిగారని ఫోన్ వచ్చింది.

ఊళ్లలో తాగడానికి నీళ్లు లేకపోతే ఎమ్మెల్యే ఇంట్లో ఈతకొలను ఉందని అంతకుముందు ఒక పేపర్ రాసింది. వెంకటరాజం గారు చలించలేదు. "అది ఈతకొలను కాదు, పేద మత్స్యకారుల కోసం కట్టిన నమూనా చేపల చెరువు" అని ప్రకటించారు. ప్రకటన అయ్యాక చేపల కోసం మా నాన్నకు కబురు పెట్టారు. అవి మంత్రిగారికి నచ్చితే మా ఊరి చెరువు నాన్న వాళ్ల సంఘానికి లీజుకు ఇస్తామన్నారు. ముందురోజు రాత్రి నాన్న చేపలు తెచ్చి కొలనులో వదిలాడు.

చలికాలంలో ఎవరూ ఈత కొట్టకపోయినా కొలను నీళ్లు పచ్చబడకుండా చూసే బాధ్యత మల్లికార్జున్ గారిది. రోజూ ఆకులు తీయించి, బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. క్రమశిక్షణ గల మనిషి. మంత్రిగారు వస్తున్నారని ఆ పొద్దున డబుల్ డోస్ వేశారు.

"లోపల చేపలున్నయి సార్" అన్నాను మెల్లగా.

"అవి గూడ మెరువాలె గద" అన్నారు.

మంత్రిగారు వచ్చి కొలనులోకి చూశారు. "ఇవేంటయ్యా, వెల్లకిలా ఉన్నాయి?"

"ఎండ కాగుతానయి సార్" అన్నారు వెంకటరాజం గారు. "చలికాలం గద."

పీఏ రాసుకున్నాడు. మంత్రిగారు ఇంకాసేపు చూశారు. "ఒక్కటీ కదలదేం?"

"మంచిగ కుదురుకున్నయి సార్."

మంత్రిగారు మా నాన్న వైపు తిరిగారు. నాన్న ఎమ్మెల్యే గారి ముఖం చూశాడు.

"చలికే సార్. మా చేపలు జర నాజూకు."

మంత్రిగారు దూరదృష్టి గల నాయకుడు. కొలనుకు వేడినీళ్ల మిషన్ అక్కడికక్కడే మంజూరు చేశారు. తర్వాత, "చలికి తట్టుకోని చేపలు పెంచేవాళ్లకు చెరువు ఎలా ఇస్తాం?" అని బాధపడ్డారు. "నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. ఎవరు చూసుకుంటారు?"

మల్లికార్జున్ గారు ముందుకు వచ్చి నమస్కారం పెట్టారు. లీజు ఆయనకు ఖాయమైంది. మా నాన్నకు అన్యాయం జరగకుండా, అదే చెరువుకు కావలి పని ఇప్పిస్తామన్నారు. అందరూ సంతకాలకు లోపలికి వెళ్లారు. నాన్న చెప్పులు విడిచి వెనకాలే వెళ్లాడు.

నేను గడప దాకా పరుగెత్తాను. "నాయినా, చలి కాదే. పొద్దుగాల బ్లీచింగ్ ఏసిండ్రు. నేను చూసిన."

నాన్న లోపలికి ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

"చలే బిడ్డా" అని తలుపు వేశాడు.