వెన్న అరలో రెండు రీళ్లు

శనివారం పొద్దున మైథిలి ఒక చంకలో పిల్లను ఎత్తుకుని, రెండో చేత్తో పెసరట్టు తిరగేస్తుండగా, విష్ణువర్ధన్ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇవాళ తేలిపోవాలి మైథిలీ. అటో ఇటో" అన్నాడు.

టిఫిన్ సంగతి కాదని మైథిలికి తెలుసు. ఫిబ్రవరి నుంచీ ఆ ఇంట్లో తేలనిది ఒక్కటే. విష్ణువర్ధన్ ఆఫీసులో ఫోటోల ఎగ్జిబిషన్ పెడుతున్నారు. విషయం వసంతం. అందరూ పార్కుల వెంట పడి పూలు తీస్తారు కాబట్టి, తను మాత్రం వసంతకాలపు ఆకాశం తీస్తానని విష్ణువర్ధన్ సెక్షన్ అంతటికీ చెప్పేశాడు. వసంతం గెలాక్సీల కాలమని లైబ్రరీ పుస్తకంలో ఉంది. ఏ గెలాక్సీ తీయాలో మాత్రం పుస్తకం తేల్చలేదు, విష్ణువర్ధన్ తేల్చుకోలేదు. సరోజినీ నగర్ మార్కెట్లో ఒక్క స్వెట్టర్ కోసం దుకాణాలన్నీ తిప్పించిందని పెళ్లాన్ని చలికాలమంతా దెప్పిన మనిషి, ఎండాకాలం వచ్చేలోగా ఆకాశమంతా రెండు చుట్లు తిరిగొచ్చాడు.

"సింహరాశి వెనక కాలి దగ్గర మూడు ఉన్నాయి. సప్తర్షుల తోక కింద సుడిలాంటిది ఒకటుంది. ఏది తీయమంటావు?"

"నిన్నటిదాకా కన్యారాశి అన్నారుగా?"

"అక్కడ చాలా ఉన్నాయి గానీ అన్నీ మసక."

"పెళ్లిచూపులకి వెళ్లొచ్చినట్టు చెబుతారేమండీ! మా అమ్మ మళ్లీ ఉత్తరం రాసింది. ఫోటోలేవీ అని."

మైథిలి బాధ గెలాక్సీల గురించి కాదు. జనవరిలో కూతురు కిన్ను మొదటి పుట్టినరోజుకి కాకినాడ నుంచి వాళ్లమ్మ ఢిల్లీ వచ్చింది. గోదావరి దాటి ఎరగని మనిషి, ముక్కు దాకా శాలువా కప్పుకుని, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగింది. సరిగ్గా కేకు కోసేవేళకి కరెంటు పోయింది. ఫోటోలన్నీ ఫ్లాషు వెలుగులోనే తీశారు. వాళ్లమ్మ వెళ్లిపోయి రెండు నెలలు దాటినా ఆ రీలు కడిగించలేదు. ఎందుకంటే ఇంకా సగం మిగిలుంది. సగం రీలు కడిగించడం విష్ణువర్ధన్ దృష్టిలో సగం అన్నం పారబోయడం లాంటిది. ఆకాశానికి వేరే రకం రీలు కావాలని, పుట్టినరోజు రీలును మళ్లీ ఎక్కించేందుకు వీలుగా కొస నాలుకలా బయటికి ఉండేలా జాగ్రత్తగా వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో వెన్న అరలో దాచాడు. కొత్త రీలు కూడా చల్లగా ఉండాలని దాని పక్కనే పెట్టాడు.

"తెల్లమూత డబ్బా పుట్టినరోజు. నల్లమూత డబ్బా ఆకాశం" అని అప్పుడే పాఠం చెప్పాడు. తొమ్మిదో తరగతిలో బడి మానిపించిన పిల్ల అయినా, మైథిలి ఈ పాఠం మాత్రం రోజూ వెన్న తీసినప్పుడల్లా అప్పజెప్పుకునేది.

"మీ ఆకాశం అయిపోతే గానీ నా రీలు మళ్లీ కెమేరాలోకి ఎక్కదు, అది నిండితే గానీ కడిగించరు" అంది మైథిలి. "ఏదీ తేలకపోతే కిన్ను నక్షత్రం తీసేయండి. పుష్యమి."

విష్ణువర్ధన్ నవ్వబోయి, ఎందుకైనా మంచిదని పుస్తకం తిరగేశాడు. "కర్కాటకంలో ఉంది. గెలాక్సీ కాదు, ఉత్త నక్షత్రాల గుంపు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మంచిదని రాశారు" అన్నాడు చప్పరించేస్తూ.

"మరి మీరు ఏనాడో మొదలుపెట్టారా?"

విష్ణువర్ధన్ పుస్తకం మూసేశాడు. "సరే, ముందు గెలాక్సీలు. చివర్లో దానికొకటి" అన్నాడు.

మైథిలికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం పాల బూత్ క్యూ దాకా ఆగలేదు. ముందు నిలబడ్డ అన్నపూర్ణేశ్వరి చెవిన వేసింది. అన్నపూర్ణేశ్వరి పై వాటాలో ఉంటుంది. ఆవిడ భర్త సదాశివరావు విష్ణువర్ధన్‌కి సెక్షన్ ఆఫీసరు, పైగా ఎగ్జిబిషన్ కమిటీలో ఉన్నాడు.

"జన్మనక్షత్రం ఫోటోనా!" అన్నపూర్ణేశ్వరి పాలగిన్నె ఒలకబోసుకుంది. "దేవుడి గదిలో పెట్టుకోవచ్చు! మావారిది మఖ. మా అబ్బాయి సుహాస్‌ది పునర్వసు. ఇద్దరివీ తీసిపెట్టమను మైథిలీ, ఏం?"

కాదనడానికి మైథిలికి నోరు రాలేదు. ఆఫీసరుగారి భార్య, పైగా వాన వస్తే డాబా మీద బట్టలు తీసిపెట్టే మనిషి. "దానికేముందండీ ఆంటీ" అనేసి, ఇంటికొచ్చాక భర్తకు చెప్పడానికి భయపడి, సాయంత్రం చెబుదామని దాచుకుంది.

సాయంత్రానికి చెప్పాల్సిన పని లేకపోయింది. చీకటి పడగానే విష్ణువర్ధన్ మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని డాబా ఎక్కి చూస్తే, అక్కడ కుర్చీలు వేసున్నాయి. ఎదుటి బ్లాకు తెలుగువాళ్లు, వెనక బ్లాకు తెలుగువాళ్లు, ఫ్లాస్కులో టీ, పళ్లెంలో పసుపూ కుంకుమా. అన్నపూర్ణేశ్వరి అత్తగారు చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"ఏమిటి మైథిలీ ఇదంతా?" అన్నాడు విష్ణువర్ధన్ భార్య వైపు తిరిగి.

"నేను ఆంటీ ఒక్కరికే చెప్పానండీ" అంది మైథిలి, పిల్ల వెనక మొహం దాచుకుని.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కాలనీ అంతా ఉసూరుమంది. ఆ క్షణంలో ఢిల్లీ మొత్తం మీద సంతోషించిన మనిషి విష్ణువర్ధన్ ఒక్కడే. ఎంత చీకటో! ఎన్ని చుక్కలో! "ఎవరూ దీపం వెలిగించకండి!" అని అరిచాడు. "కళ్లు చీకటికి అలవాటు పడాలి. అగ్గిపుల్ల గీసినా మళ్లీ మొదటికొస్తుంది. మైథిలీ, రీలు పట్రా. టార్చి వద్దు!"

మైథిలి పిల్లను చంకనేసుకుని, గోడ తడుముకుంటూ మెట్లు దిగింది. ఫ్రిజ్ తెరిస్తే లోపలా చీకటే. వెన్న అరలో చెయ్యి పెడితే రెండు డబ్బాలు తగిలాయి. తెలుపూ నలుపూ వేళ్లకి తెలియవు. కొవ్వొత్తి చేతికందేంత దూరంలోనే ఉంది. పైనుంచి "త్వరగా! మబ్బు వస్తోంది!" అని కేక. కిన్ను ఏడుపు అందుకుంది. మైథిలి కళ్లు మూసుకుని, వెంకటేశ్వరస్వామిని తలుచుకుని, ఒక డబ్బా తీసింది.

పైన విష్ణువర్ధన్ చీకట్లోనే, వేళ్లతోనే, రీలు ఎక్కించాడు. ఆ పని వచ్చినందుకు చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

"ముందు సింహరాశిలో..." అని అతను మొదలుపెట్టేలోగా సదాశివరావు గొంతు సవరించుకున్నాడు. "చూడవయ్యా, ఇంతమంది ఉన్నారు. సీనియారిటీ ప్రకారం వెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

సీనియారిటీ ప్రకారం మఖ ముందొచ్చింది. తరువాత అన్నపూర్ణేశ్వరి రోహిణి, సుహాస్ పునర్వసు. "అంకుల్, మేరా వాలా సబ్‌సే బడా హై నా?" అని తన చుక్కే అన్నిటికన్నా పెద్దదనిపించుకోవాలని సుహాస్ స్టాండు పట్టుకుని ఊపడంతో పునర్వసు రెండుసార్లు తీయాల్సొచ్చింది. ఒకావిడ అశ్విని అంది. అది చెట్ల వెనక దిగిపోయిందంటే, "మమ్మల్ని చివర పిలిస్తే దిగిపోదూ!" అని మొహం ముడుచుకుంది. స్టాఫ్ కారు డ్రైవరు మల్లేశం నల్గొండ వాడు. చేతులు కట్టుకుని అడిగాడు. "సార్, నాది జ్యేష్ఠ. గది యాడుంది?"

"ఇంకా రాలేదు మల్లేశం. అర్ధరాత్రి దాటాలి."

"అంతే సార్. నా డ్యూటీ అసుంటిదే, నా చుక్క గూడ అసుంటిదే."

చాప మీది బామ్మగారు అన్నీ విని, "నాది మూల నాయనా" అంది.

"అది తెల్లవారుజామున బాగుంటుందండీ బామ్మగారూ."

"నాకు తెలుసు. మూల అనగానే పెళ్లిచూపుల్లో కాఫీ తాగకుండా లేచిపోయారు. ఇప్పుడు నీ కెమేరా కూడా లేచిపోతోంది." ఆవిడ చాప చుట్టేసుకుని, పిలిచినా వినకుండా, చీకట్లో మెట్లు దిగిపోయింది. అన్నపూర్ణేశ్వరి మైథిలి వైపు చూసిన చూపు చీకట్లో కూడా కనిపించింది.

అందరివీ అయ్యాక, ఇంటివాళ్లు కాబట్టి ఆఖర్న కిన్ను పుష్యమి తీశాడు. అప్పటికి చేతులు పడిపోయినా, పట్టుదలగా సింహరాశి వెనక కాలికి కెమేరా గురిపెట్టి, ఊపిరి బిగబట్టి షట్టరు తెరిచాడు. మూడు గెలాక్సీలు! అంతలో కరెంటొచ్చింది. నాలుగు బ్లాకుల దీపాలూ ఒక్కసారి వెలిగాయి. డాబా మీద అందరూ చప్పట్లు కొట్టారు. విష్ణువర్ధన్ కొట్టలేదు.

ఆదివారం పొద్దున వెన్న కోసం ఫ్రిజ్ తెరిచిన మైథిలి అలాగే నిలబడిపోయింది. అరలో ఉన్న డబ్బాకు మూత నల్లగా ఉంది.

అంటే పైకి వెళ్లింది పుట్టినరోజు. అమ్మ శాలువా, అమ్మ ఒడి, కిన్ను కేకు వేలితో పొడవడం, వాటి మీద వీధిలో వాళ్లందరి జాతకాలూ. విష్ణువర్ధన్ పేపరు చదువుతూ, "వెన్న లేదా?" అన్నాడు. "కరిగిపోయిందండీ" అంది. ఆ తరువాత ఇద్దరూ ఉత్త పెసరట్లు తిన్నారు.

సోమవారం, ఎగ్జిబిషన్ ముంచుకొస్తోందని సగం రీలైనా కడిగించడానికి విష్ణువర్ధన్ ఒప్పుకోగానే, మార్కెట్లో పని ఉందని చెప్పి, రీలు తనే స్టూడియోకి పట్టుకెళ్లింది. చేతిలోంచి వదలకుండా, "భయ్యా, ఇస్ మే మేరీ మా హై" అంది, ఇందులో మా అమ్మ ఉందని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"ఠీక్ హై బహన్‌జీ, సబ్ మే కిసీ న కిసీ కీ మా హోతీ హై. పర్సోఁ ఆనా" అన్నాడు స్టూడియో అతను, ప్రతి రీల్లోనూ ఎవరో ఒకరి అమ్మ ఉంటుందని తేల్చేస్తూ, రీలు డబ్బాలోకి విసిరేసి.

ఎల్లుండి దాకా ఎలా గడపాలో తోచలేదు. కిన్ను పుట్టుజుట్టు తిరుపతికి ఇదివరకే ఇచ్చేశారు. ఇంకేం మొక్కుకోవాలో తెలియక నూటొక్క కొబ్బరికాయలన్నది. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ, "మా నక్షత్రం వచ్చిందా?" అనేవాళ్లు. "కడుగుతున్నారండీ" అని తప్పుకునేది. రాత్రి విష్ణువర్ధన్, "మూడింటిలో ఒక్కటైనా పడి ఉంటుందంటావా?" అని అడిగితే, దగ్గొచ్చినట్టు దగ్గింది.

బుధవారం కవరు తెరవడానికి ధైర్యం చాలక, ఇంటికొచ్చి, కిన్నును ఉయ్యాల్లో పడుకోబెట్టి, భర్త ముందే తెరిచింది. "ముందు నన్ను తిట్టనని చెప్పండి" అంది.

కరెంటు పోయిన చీకటిలో కేకు. దాని మీద, కొవ్వొత్తికి పక్కగా, తెల్లటి చుక్క. పిల్లలంతా చప్పట్లు కొడుతున్న ఫోటోలో వాళ్ల జుట్టు వెనక చిన్న చిన్న చుక్కలు. ఆఖర్నుంచి రెండోది తీసి మైథిలి కిటికీ వెలుగుకి పట్టుకుంది. అమ్మ ఉంది. శాలువా మడత కూడా చెదరలేదు. ఒళ్లో కిన్ను. ఆ పిల్ల తల పైన, నల్లటి చీకట్లో, గుప్పెడు ముగ్గు చల్లినట్టు పుష్యమి.

విష్ణువర్ధన్ ఫోటోలు వరసగా పరిచి ఒకటొకటీ పోల్చి చూశాడు. "రెండుసార్లు పడింది" అన్నాడు చివరికి. "పుట్టినరోజుది వెలుగును నెమ్మదిగా పట్టే రీలు. అందుకే గట్టి చుక్కలే పడ్డాయి, మనుషులు పోలేదు." ఆఖరి ఫోటోలో మైథిలి అతని నోట్లో కేకు పెడుతోంది. కేకు ఉంది, చెయ్యి ఉంది. అతని మొహం ఉండాల్సిన చోట నాలుగు బ్లాకుల కరెంటు ఉంది. గెలాక్సీ ఒక్కటీ లేదు.

తిట్లు మొదలయ్యేలోపే తలుపు చప్పుడైంది. సదాశివరావు. "నా మఖ ఏదయ్యా?" అంటూ వచ్చి, ఫోటో తీసుకుని, కళ్లజోడు పైకీ కిందికీ జరిపాడు. "ఇదేమిటి, మీ కేకు మీద కూర్చుంది?"

మైథిలి ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. ఆయన ఫోటోలు ఒక్కొక్కటే పక్కన పెడుతూ పుష్యమి దగ్గర ఆగాడు.

"ఇది నువ్వు కావాలనే చేశావా?"

విష్ణువర్ధన్ భార్య వైపు చూశాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు. "కావాలనేనండీ. చాలా కష్టమైన పద్ధతి. ముందు సబ్జెక్టు, తరువాత ఆకాశం. దీనికి ఇంట్లోవాళ్ల సహకారం ఉండాలి."

పూల ఫోటోలన్నిటి మధ్యా ఆ పుష్యమి ఫోటో ఒక్కటే వేరుగా ఉందని కమిటీ దానికే మొదటి బహుమతి ఇచ్చింది. కేకు మీది మఖను సదాశివరావు ఫ్రేము కట్టించుకుని దేవుడి గదిలో పెట్టుకున్నాడు. బామ్మగారు ఒక్కరే మెట్ల మీద ఇంకా పలకరించడం లేదు. మూల సాయంత్రం పూట కనిపించేది ఎండాకాలంలోనని తెలిసి, విష్ణువర్ధన్ ఆవిడ పేరు అందరికన్నా ముందు రాసుకున్నాడు.

మైథిలి ఫోటోలన్నిటికీ ఇంకో కాపీ తీయించి కాకినాడకి పంపింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. "ఫోటోలు అందినవి. వీధిలో అందరికీ చూపించాను. పిల్ల బాగుంది, నేనూ బాగానే ఉన్నాను. కానీ మీ ఇంట్లో దోమలు మరీ ఎక్కువగా ఉన్నట్టున్నవి. ఢిల్లీ దోమలు తెల్లగా ఉంటాయని నాకు తెలియదు. అల్లుడుగారితో చెప్పి వెంటనే దోమతెర కొనిపించవలసినది."

ఆదివారం సరోజినీ నగర్ మార్కెట్లో ఏ దోమతెర కొనాలో తేల్చుకోవడానికి విష్ణువర్ధన్‌కి దుకాణాలు మూసేదాకా పట్టింది.