లోయరు ప్యాసు బూరెలు

ముప్పయ్యారో సంవత్సరం వేసవిలో ఒక పొద్దున, ఏలూరులో వెంకటసుబ్బలక్ష్మి శనగపప్పు నానబోసింది. ఆవిడ మొగుడు హనుమంతరావు మూడు దండయాత్రల తరవాత టైపు లోయరు పరీక్ష ప్యాసయ్యాడని ముందు రోజే తెలిసింది. ఆ వీధిలో ఒక ఆచారముంది. పరీక్ష ప్యాసైన ఇంటి నుంచి ఇంటింటికీ బూరెలు వెళ్ళాలి.

"ఇప్పుడే బూరెలేవిటే? హయ్యరు కూడా కానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు హనుమంతరావు, హయ్యరు పుస్తకం తిరగేస్తూ.

ఉద్యోగం వచ్చినప్పుడు పర్మనెంటు కానీ అన్నాడు. పర్మనెంటయితే జీతం పెరగనీ అన్నాడు. ఎనిమిదేళ్ళుగా బూరెల మూకుడు అటక దిగలేదు. ఆవిడ పప్పంతా తీసుకెళ్ళి ఆవు ముందు కుమ్మరించింది.

పక్కింటి కనకరత్నం గోడ మీంచి అది చూసింది. నానిన పప్పు ఆవుకి పోశారంటే అర్థం ఒక్కటే. కాసేపట్లో వీధి వీధంతా పరామర్శకి దిగింది.

"దిగులు పడకు నాయనా. మా తమ్ముడు ఏడుసార్లు తప్పాడు" అన్నారు ఎదురింటి ప్రసాదరావుగారు.

"నేను ప్యాసయ్యానండీ."

"అలాగే. మరి బూరెలేవీ?"

"హయ్యరయ్యాకండీ."

ప్రసాదరావుగారు కనకరత్నం వైపు చూసి నిట్టూర్చారు. "మనసుకి బాగా తగిలిందమ్మా."

ఈ గోల పడలేక హనుమంతరావు, టైపు మిషను అక్షరాలు అంటించుకున్న పీట చంకలో పెట్టుకుని కొల్లేటి గట్టుకి పారిపోయాడు. అక్కడ కూర్చుని, పీట మీద వేళ్ళు టకటకలాడిస్తూ ఇంగ్లీషు అక్షరాలు గొణుక్కుంటుంటే పీట జారి నీళ్ళలో పడింది. దానికోసం దిగాడు. వల విసురుతున్న జగ్గయ్య పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టుకున్నాడు.

"ఎండాకాలం కదండీ బాబూ, ఇక్కడ మోకాల్లోతేనండి. మునగాలంటే కార్తీకంలో రండి."

"మునగడానిక్కాదయ్యా, పరీక్ష..."

"అదేలెండి. పరీక్షలోళ్ళే వస్తారండి" అని జగ్గయ్య బండెక్కించి ఇంటికి తెచ్చి అప్పగించాడు.

ఇంట్లో అప్పటికే తాడేపల్లిగూడెం నుంచి మామగారు దత్తాత్రేయులు దిగి ఉన్నారు. కనకరత్నం మొగుడు అక్కడ రైసుమిల్లులో గుమాస్తా. పొద్దుటి ప్యాసింజరులో ఆయనతో పాటే కబురూ వెళ్ళింది. బురద పంచెతో దిగిన అల్లుణ్ణి చూడగానే మామగారు కూతురి పెట్టె అందుకున్నారు.

"మీరు కుదుటపడేదాకా అమ్మాయి మా ఇంట్లో ఉంటుంది అల్లుడుగారూ."

"నువ్వయినా చెప్పవే, ప్యాసయ్యానని."

"ప్యాసైన ఇంట్లో బూరెలుంటాయండి" అంది వెంకటసుబ్బలక్ష్మి, గడప దాటుతూ.

హనుమంతరావుకి ఎనిమిదేళ్ళలో గెలిచినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కదాని రుచీ గుర్తు రాలేదు. అటకెక్కి, మసి దులుపుకుంటూ మూకుడు దించాడు.

"వెళ్ళకే. పప్పు నానబొయ్యి."

మర్నాడు తనే పళ్ళెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. దారిలో ఒక బూరె నోట్లో వేసుకున్నాడు. వేడి పూర్ణం నాలుకకి తగిలేసరికి, తను ప్యాసైన సంగతి మొదటిసారి తనకీ తెలిసింది.

ప్రసాదరావుగారు రెండు తిని కళ్ళు తుడుచుకున్నారు. "తప్పి కూడా ఇంత నిబ్బరం ఎవరికుంటుంది నాయనా."

హనుమంతరావు పళ్ళెంలోంచి ఇంకో బూరె తీసి ఆయన చేతిలో పెట్టాడు.

మరుసటేడు నుంచి ఆ వీధిలో పరీక్ష తప్పిన ఇళ్ళ నుంచి కూడా బూరెలు రావడం మొదలైంది.