ల్యామినేషన్‌లో భద్రపరచిన హెచ్చరిక

మా వీధి ల్యామినేషన్ షాపు యజమాని చేతిలో పడిన కాగితానికి తడి తగలదు, చెద పట్టదు, మడత పడదు. దాన్ని మళ్లీ ఎవరూ చదవరన్నది కూడా నిజమే గాని, ఆయన వృత్తి భద్రపరచడమే తప్ప చదవడం కాదు. వాళ్లింట్లో పిల్లల మార్కుల జాబితాలు మొదలు ఫ్యాను గ్యారంటీ కార్డు దాకా అన్నీ ప్లాస్టిక్ తొడుక్కుని మెరుస్తుంటాయి.

ఆయన భార్య సిటీ బస్సులో కండక్టరు. నలభై రెండేళ్ల మనిషి. నెలలో పది రోజులు ఆమెకు ఆగకుండా రక్తస్రావం అయ్యేది. ఆ రూట్లో నలభై స్టాపులున్నాయి గాని, కండక్టరు దిగి బాత్రూముకు వెళ్లి వచ్చే స్టాపు ఒక్కటీ లేదు. సీటు పాడవుతుందని భయపడి నాలుగేళ్లపాటు ఆమె నిలబడే టికెట్లు కొట్టింది. విధి నిర్వహణలో ఒక్కనాడూ కూర్చోనందుకు డిపో మేనేజరు గారు ఆమెకు ఉత్తమ సేవా ప్రశంసాపత్రం ప్రదానం చేశారు. భర్త దాన్ని కూడా ల్యామినేట్ చేశారు.

మందులు పనిచేయకపోయేసరికి, ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె గర్భాశయం లోపలి పొరను వేడితో కాల్చేసింది. చికిత్స బాగా కుదిరింది. కొద్ది రోజులకే నెలసరి పూర్తిగా ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి కండక్టరమ్మ బస్సులో తన సీట్లో కూర్చుంది. ఆ కూర్చున్న సుఖానికి ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు రెండు కాగితాలిచ్చారు. మొదటిదాంట్లో చికిత్స విజయవంతమైందని ఉంది. రెండోదాంట్లో ఒకవైపు ఏవో పది వరుసలు, వెనకవైపు నవ్వుతున్న కుటుంబం రంగుల బొమ్మ. బొమ్మ బయటికి కనిపిస్తే హాలుకు కళ వస్తుందని భర్త ఆ పది వరుసల్నీ లోపలికి తిప్పి, రెండు కాగితాలూ కలిపి ల్యామినేట్ చేసి గోడకు తగిలించారు. పని చాలా నీటుగా వచ్చింది.

పధ్నాలుగు నెలలు గడిచాయి. కండక్టరమ్మకు పొద్దున్నే వికారం, సాయంత్రానికి నీరసం పట్టుకున్నాయి. తప్పిందని తెలియడానికి నెలసరి ఉంటే కదా! భర్త గ్యాస్ అని నిర్ధారించారు. అత్తగారు శాస్త్రీయంగా ఆలోచించింది.

"లోపలంతా కాల్చేశారు కదమ్మా. కాలిన చోట ఏం మొలుస్తుంది?"

మొలిచింది. స్కాన్‌లో తొమ్మిది వారాలని తేలింది. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"అమ్మా, ఆ చికిత్స రక్తస్రావానికే గాని, పిల్లలు పుట్టకుండా చేసేది కాదు. గర్భం ట్యూబులో లేదు, లోపలే ఉంది, అదొక అదృష్టం. ఇలా వచ్చినవాళ్లలో క్షేమంగా బిడ్డను కన్నవాళ్లూ ఉన్నారు. కానీ గర్భం మధ్యలో పోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. మావి గర్భాశయం గోడలోకి పాతుకుపోతే కాన్పులో రక్తం ఆగదు. గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఉంచుకోవాలా వద్దా అన్నది మీరే చెప్పాలి."

మీరే చెప్పాలన్నారు కాబట్టి సాయంత్రం హాల్లో భర్త, అత్తగారు, ఆడపడుచు సమావేశమయ్యారు. కండక్టరమ్మకు కుర్చీ దొరకలేదు. ఆమెకు నిలబడడం అలవాటే.

"నేను ఐదుగుర్ని కన్నాను, నాకేమైంది?" అని అత్తగారు ప్రారంభోపన్యాసం చేసింది.

"డాక్టర్లు అలాగే భయపెడతారు వదినా, మనం ధైర్యంగా ఉండాలి," అని ఆడపడుచు బలపరిచింది.

భర్త గొంతు సవరించుకున్నారు. "జీవితమన్నాక రిస్కు ఉండనే ఉంటుంది. దాన్ని చిరునవ్వుతో ఎదుర్కోవడంలోనే మనిషి గొప్పతనం ఉంది." తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

స్కాన్ తెర మీద మిణుకుమిణుకుమన్నదాన్ని చూసినప్పుడు కండక్టరమ్మ గుండె కరగలేదంటే అబద్ధం. పదో తరగతి కూతురూ, ఏడో తరగతి కొడుకూ అప్పుడే గుర్తొచ్చారు. తను లేకపోతే వాళ్లను ఎవరు చూస్తారన్నది ఆ సమావేశంలో ఎవరికీ తట్టలేదు. ఆమె గోడ మీది ఆసుపత్రి కాగితాలు దించి, కత్తెరతో ప్లాస్టిక్ అంచులు కోసింది.

"అయ్యో, మంచి షీటు!" అన్నారు భర్త.

పది వరుసలూ ఆమె పైకి చదివింది. ఈ చికిత్స తర్వాత కూడా గర్భం రావచ్చు. వస్తే ప్రమాదం. రాకుండా జాగ్రత్త తప్పనిసరి. అన్నిటికన్నా తేలిక, భర్త చిన్న ఆపరేషన్ చేయించుకోవడం. అడుగున "చదివి అర్థం చేసుకున్నాను" అన్న అచ్చు మాట, దాని కింద భర్త సంతకం, చక్కటి దస్తూరి.

"రేపు నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. ఇది ఉంచుకోను," అంది ఆమె. "ఆ తర్వాత వంతు మీదండీ. పావుగంట పనట."

సమావేశం ఒక్కసారిగా గగ్గోలెత్తింది. అత్తగారికి కళ్లు తిరిగాయి. "మగపిల్లాడి ఒంటిమీద కత్తా? వాడికేమన్నా అయితే?" అన్నయ్య కాగితాల కట్టలు ఎత్తే మనిషని ఆడపడుచు గుర్తుచేసింది. చిరునవ్వుతో ఎదుర్కొనే సంగతి భర్త మళ్లీ ఎత్తలేదు.

కండక్టరమ్మ చెప్పిన ప్రకారమే వెళ్లి వచ్చింది. వారం రోజులు ఏడ్చి, డ్యూటీలో చేరింది. తన పక్క కూతురి గదిలోకి మార్చుకుని, ఆపరేషన్ అంగీకార పత్రం తెచ్చి భర్త చేతిలో పెట్టింది. సంతకమయ్యాకే తిరిగి వస్తానంది.

పత్రం ఒక్క పేజీ. నాలుగు నెలలుగా ఆయన దాన్ని చదువుతున్నారు. జన్మలో ఏ కాగితాన్నీ ఇంత శ్రద్ధగా చదివినవారు కారు. మూడో వరుసలో ఏదో సందేహం ఉందట.

చదువుకునే మనిషిని అలా తొందరపెట్టడం మా వీధిలో ఎవరికీ నచ్చలేదు. ఆడదానికి అంత పంతం పనికిరాదని పెద్దలు ఒక కాగితం మీద రాసి ఇంటింటికీ తిప్పారు. మేమందరం చదవకుండానే సంతకాలు పెట్టాం. ల్యామినేషన్‌కు ఇచ్చాం.