స్నానం చేసి దిగవలెను

ఆదివారం పొద్దున్నే క్లబ్బులో పిల్లల ఈత పోటీ. కళ్లు మండాయని ఏ తల్లీ గొడవ పెట్టకుండా అది ముగిస్తే ఆబిడ్స్‌లోని ఆ ఈతకొలను బతికినట్టే. లేకుంటే పూడ్చేసి కార్ల పార్కింగ్ చేస్తానని అధ్యక్షుడు రవిచంద్ర అందరి ముందూ తేల్చి చెప్పాడు. కొలను బాధ్యత వసుమతిది. కోఠి కాలేజీలో ముప్పయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఆవిడ మోకాళ్ల నొప్పులకు ఆ నీళ్లే దిక్కు.

సభ్యులు తలకు కొబ్బరినూనె దట్టించుకుని, చెమటలు కక్కుతూ వచ్చి, అలాగే దూకుతారు. ఆ నూనె, చెమట, పిల్లలు గుట్టుగా కలిపే ఇంకొకటీ క్లోరిన్‌తో చేరాకే ఆ ఘాటు వాసనా, కళ్ల మంటా. "మందు ఎక్కువై కాదండీ, మురికి ఎక్కువై" అని వసుమతి నెత్తీనోరూ బాదుకుంది. "స్నానం చేసి దిగవలెను" అని బోర్డు పెట్టిస్తే, "మేం స్నానం చెయ్యనోళ్లమా?" అని అందరికీ పౌరుషం పొడుచుకొచ్చింది.

"నీళ్లు నీళ్ల లెక్క ఉండాలె మేడమ్, గీ కెమికల్స్ ఎందుకు?" అని రవిచంద్ర క్లోరిన్ తగ్గించేశాడు. వారం తిరక్కుండా నీళ్లు మసకేశాయి. శనివారం ఆవిడే పంతంపట్టి సరిపడా క్లోరిన్ వేయించింది గానీ ఆ మసక వదల్లేదు.

తీరా ఆదివారం పొద్దున చూస్తే నీళ్లు తళతళలాడుతున్నాయి. పక్కన భర్త జగన్మోహనరావు మీసాల్లో నవ్వుకుంటున్నాడు. వసుమతి చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"ఏమండీ, ఏం చేశారు?"

"పటిక వసూ! నిన్న సాయంత్రం అఫ్జల్‌గంజ్ నుంచి బస్తా తెప్పించి కలిపించా. రాజమండ్రిలో మా నాయనమ్మ గోదావరి నీళ్ల బిందెలో తిప్పేది కాదూ? మురికంతా అడుక్కి దిగిపోయింది."

"దాన్ని తోడి పారేశారా?"

"బిందెలో అడుగునీళ్లు వదిలేస్తాం కదే!"

"బిందెలో ఎవరూ దూకరండీ! పైగా అంత పటిక వేస్తే నీళ్లు పులుపెక్కి కళ్లు ఇంకా మండుతాయి!"

పోటీ ఆపించడానికి ఆవిడ పరుగెత్తేలోపే రవిచంద్ర నూనె కారే తలతో గట్టు ఎక్కాడు. "చూసిన్రా, కెమికల్స్ తగ్గిస్తె నీళ్లెట్ల మెరుస్తున్నయో!" అని పోటీ ప్రారంభిస్తూ దూకాడు. అడుగున పేరుకున్నదంతా లేచి, ఆయన చుట్టూ నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. ఆయన ఎటు జరిగితే అటు తెలుపు.

"ఏంది సార్, మీ చుట్టే గట్లయితుంది?" అన్నాడు కోచ్ జయపాల్.

"ఎన్ని దినాల మురికో!" అంది గట్టు మీదున్న ఒక తల్లి.

భార్య చూపు తట్టుకోలేక జగన్మోహనరావు నోటికొచ్చింది వాగేశాడు. "అది పటిక మహిమండీ. ఒంటిమీద నూనె, చెమట ఉంటే పట్టిచ్చేస్తుంది."

గట్టు మీద చేతులన్నీ ఎవరి తల వాళ్లు తడుముకున్నాయి. మరుక్షణం పిల్లల్ని లాక్కుని పెద్దలంతా స్నానాల గదులకు పరుగెత్తారు. వరస గేటు దాకా పాకింది.

రవిచంద్ర ఎర్రబడ్డ కళ్లు నలుపుకుంటూ పైకొచ్చాడు. "పోటీ వచ్చే ఆదివారం పెడదాం. స్నానం చెయ్యకుండ దిగినోళ్ల మెంబర్‌షిప్ తీసేస్త. తప్పు నీళ్లది కాదు, మనది. పార్కింగ్ ముచ్చట ఇంక లేదు." ఆపైన గొంతు తగ్గించాడు. "మేడమ్, మీరు కెమిస్ట్రీ చదివిన్రు. పటిక నిజంగనే పట్టిస్తదా?"

ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన వసుమతి, ఈసారి పాఠం మాని ఆయన చేతిలో సబ్బు పెట్టింది.