తూనీగ రెక్కలో నీలం నూగు

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషికి ఎదుటివాళ్ళ చూపు మీద ఉన్నంత ధ్యాస, తనను ఎవరు చూస్తున్నారన్న దాని మీద ఉండదు. మన అద్దాలాయన సంగతే తీసుకోండి.

ఆయన దుకాణానికి కొత్తగా నలభై కళ్ళజోడు పెట్టెలు వచ్చాయి. లోపలంతా గరుకు. నూగుగా ఉండే పలచటి నీలం ఫెల్టు గుడ్డ కోసి అతికిస్తే దర్జాగా ఉంటుందని ఆయనకు తోచింది. రెండు పెట్టెలకు కత్తెరతో కోసేసరికి బొటనవేలు బొబ్బెక్కింది. అప్పుడు ఆయన చూపు భార్య గదిలో ఉన్న కటింగ్ మెషీను మీద పడింది.

గోడలకు బొమ్మలు వేయడం ఆవిడ పని. కంప్యూటరులో గీసిన బొమ్మను ఆ మెషీను జిగురున్న వినైల్ షీటు మీద కోసి పెడుతుంది. షీటును గోడకు అంటించి, కోసిన సందుల్లో రంగు అద్ది ఊడదీస్తే గోడ మీద బొమ్మ మిగులుతుంది. "దీంట్లో వినైల్ తప్ప ఇంకేమీ పెట్టకండి" అని మెషీను కొన్న రోజే ఆవిడ చెప్పింది. అద్దాలాయన తల ఊపాడు. తల ఊపడానికి ఆయన ఎప్పుడూ వెనకాడడు.

ఆదివారం ఆవిడ పనిమీద బయటికి వెళ్ళగానే ఇరవై నాలుగు గుడ్డలు మెషీను మీద కోసేశాడు. ముందుగదిలో అత్తగారు పేపరు చదువుకుంటోంది. ఆమెకు దూరం ఆనదని ఆయన ధీమా.

సాయంత్రం భార్యకు చూపించాడు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయే" అంది ఆవిడ.

"చెయ్యి తిరిగితే అంతేనోయ్. పనితనం అంటే అది."

బుధవారం దుకాణానికి సెలవు. ఆయన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పిల్లల పళ్ళ డాక్టరు ఒకాయన కొత్తగా ఆసుపత్రి పెట్టుకుంటున్నాడు. అక్కడి గోడ మీద తూనీగ బొమ్మ వేయాలి. ఆవిడకు వచ్చిన పనుల్లో అదే పెద్దది. మర్నాడే ఆసుపత్రి తెరుస్తారు కాబట్టి ఈ సాయంత్రం నాలుగు గంటలకల్లా ఆవిడ అక్కడ ఉండాలి. తూనీగ ఒక్కో రెక్కలో వంద చిన్న చిన్న గళ్ళు.

ఆవిడ మెషీనుకు ఎక్కించిన మొదటి షీటులో గళ్ళు పీలికలైపోయాయి. రెండో షీటులో మూలలు తెగకుండా సాగాయి. ఇంకా రెండే షీట్లు ఉన్నాయి. కొత్తవి తెప్పించాలంటే రెండు రోజులు.

"మొన్నటిదాకా బాగానే కోసింది కదండీ" అంది ఆవిడ.

అద్దాలాయన చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు. "నువ్వు వెళ్ళి టీ పెట్టు. నేను చూస్తాను."

"మీకు దీని గురించి ఏం తెలుసు?"

"యంత్రాలన్నీ ఒకటేనోయ్. గట్టిగా చెబితే వింటాయి."

ఆవిడ టీతో తిరిగి వచ్చేలోగా ఆయన గట్టిగానే చెప్పాడు. బ్లేడు ఒత్తిడి పెంచాడు. వేగం తగ్గించాడు. బ్లేడు మొన ఇంకా బయటికి లాగాడు. ఫ్యాను ఆపాడు. బల్ల కాలు కింద అట్టముక్క పెట్టి మూడో షీటు ఎక్కించాడు.

మెషీను ఈసారి వినైల్‌నూ కోసింది, వెనక కాగితాన్నీ కోసింది, షీటు కదలకుండా అడుగున ఉన్న జిగురు మ్యాట్ మీద కూడా రెక్క అచ్చు వేసింది.

"తెగింది" అన్నాడు అద్దాలాయన చిన్నగా.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "ఒక మాట అడుగుతాను. మీ దుకాణంలో చూపు పరీక్ష చేసేటప్పుడు ఒకసారికి ఎన్ని అద్దాలు మారుస్తారు?"

ఇది ఆయనకు తెలిసిన సంగతి. ఛాతీ కాస్త విరిచాడు. "ఒకటే. రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుంది?"

"మరి ఇక్కడ ఎన్ని మార్చారు?"

ఆయన వేళ్ళు ముడిచాడు. "నాలుగు. అట్టముక్కతో ఐదు."

ఆవిడ అన్నీ మొదట ఉన్నట్టే పెట్టింది, పాడైన మ్యాట్ బదులు ఇంకొకటి వేసింది. పాడైన షీటు అంచున మిగిలిన ముక్క మీద గోరంత చతురస్రం, దానిలో త్రికోణం కోయించింది. చిరిగింది. ఒత్తిడి ఒక్కటే కొంచెం మార్చి మళ్ళీ కోయించింది.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అచ్చం ఆయన గొంతే.

"రెండూ ఒకటే" అన్నాడు ఆయన, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలాగే అమాయకంగా.

కొత్త బ్లేడు వేసింది. "ఇప్పుడు?"

"తేడా లేదు. పోనీ కంపెనీవాడికి ఉత్తరం రాద్దామా?"

ఆవిడ బ్లేడు పట్టుకునే గొట్టాన్ని ఊడదీసి, తెల్లకాగితం మీద బోర్లించి తట్టింది. ఆవగింజంత నూగు ఉండ రాలింది. నీలం రంగుది.

ఆవిడ కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది.

"ఏమిటండీ ఇది?"

"దుమ్ము."

"నీలం దుమ్మా?"

"నీ చీరదేమో."

"నేను కట్టుకున్నది పసుపుపచ్చ."

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "మొన్న ఆదివారం అల్లుడుగారు దాంట్లో ఏదో నీలం గుడ్డ పెట్టారమ్మా. ఇరవై నాలుగు సార్లు."

"మీకు దూరం ఆనదు కదా అత్తయ్యగారూ" అన్నాడు అద్దాలాయన నీరసంగా.

"మీరు చేసిపెట్టిన కళ్ళజోడు నాయనా. పోగులతో సహా కనిపిస్తున్నాయి."

ఆవిడ కోప్పడలేదు. ఆయనకు భయం వేసింది అందుకే. గొట్టం తుడిచి బిగించి, గోరంత చతురస్రం మళ్ళీ కోయించింది. మూలలు సూదిమొనల్లా వచ్చాయి. అప్పుడు చివరి షీటు ఎక్కించింది.  నాలుగు రెక్కలూ చెక్కుచెదరకుండా తెగాయి.

ఇక ఒక్కో గడిలోని ముక్కనూ సూదితో ఎత్తి తీసేయాలి. ఆవిడ సూది ఆయన చేతిలో పెట్టింది.

"నాలుగు వందలు. పనితనం ఉన్న చెయ్యి కదా."

మూడున్నర దాకా ఆయన తల ఎత్తలేదు. గుమ్మం దాటుతూ ఆవిడ ఆగింది. "మిగిలిన పెట్టెలకు కూడా చేత్తోనే కోయండి. చేత్తోనే కోశానని చెప్పారుగా." గదికి తాళం పడింది.

వారం తర్వాత పళ్ళ డాక్టరు కళ్ళజోడు కోసం దుకాణానికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్న పిల్లలు తూనీగ గళ్ళు లెక్కపెడుతూ ఏడవడం మరిచిపోతున్నారని చెప్పాడు. ఆవిడ పక్కనే నిలబడి వింటోంది. పొంగిపోయిన అద్దాలాయన కళ్ళజోడును పెట్టెలో పెట్టి ఇచ్చాడు. డాక్టరు మూత తెరిచి, లోపలి గుడ్డ చూసి, మర్యాదగానే పెట్టెను తిరిగి ఇచ్చాడు.

"ఇది ఎవరో చేత్తో కోసినట్టున్నారండీ. సరిగ్గా కోసింది ఉంటే ఇవ్వండి."

ఆవిడ తన కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుని, ఆయన వైపు తేరిపార చూసింది.

అద్దాలాయన తల ఊపాడు.